బండి ఖాళీగా ఉందా?

మా బాబాయి మెకానిక్ షెడ్డు వెనక భాగంలో, పాత టైర్లు పేర్చే చోటు పక్కన ఉన్న గది నాది. పదకొండు అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల పొడవు. అందులో ఒక బండి పడుతుంది. బండి చుట్టూ తిరగడానికి నేను పడతాను. కాస్త పొట్ట లోపలికి లాక్కుంటే బాబాయీ పడతాడు. ముందువైపు ఇనప షట్టర్, వెనక గోడకి పనిబల్ల, బల్ల మీద బండి లోపలి లెక్కలు చదివి మార్చే నా స్కానర్, రెండు మూడు మీటర్లు, వేలెడు పొడవున కత్తిరించి పెట్టుకున్న పలచటి కాగితం ముక్కలు. కార్లలో ఏసీ, హీటర్ కొలతలు తప్పితే వాటిని మళ్ళీ సరిచేయడం నా పని.

ఈ పని నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత బండ్ల డ్యాష్‌బోర్డులు రెండు కొని, ఇంట్లో మంచం మీద పెట్టుకుని విప్పుతూ బిగిస్తూ నేర్చుకున్నాను. ఆ ఏడాదంతా మా అమ్మ నేల మీద పడుకుంది.

బాబాయిది వేరే పద్ధతి. ఏసీ వెంట్ ముందు అరచేయి పెడతాడు, కళ్ళు మూసుకుంటాడు, "బానే ఉంది పో" అంటాడు. నేను మీటరు పెట్టి "పద్దెనిమిది పాయింట్ నాలుగు" అంటే, "అదే నేనూ అన్నది" అంటాడు. షెడ్డులో అందరూ నన్ను మీటరమ్మ అంటారు. అలా పిలవడం మొదలుపెట్టింది ఆయనే.

ఆయన నాకు ఇచ్చిన సలహా ఒక్కటే.

"సున్నా చూపించాల్సిన మీటరు సున్నా చూపించకపోతే, వెంటనే నొక్కి సున్నా చేసెయ్యకు. ఎందుకు చూపించట్లేదో ఒక్కసారి దాన్నే అడుగు."

"అడిగితే మీటరు చెబుతుందా బాబాయ్?"

"అది చెబుతూనే ఉంది. నువ్వే నోరు మూయిస్తున్నావు."

అప్పుడు నవ్వాను.

ఒక రోజు మధ్యాహ్నం రెండున్నరకి ఒక స్కూలు టీచరు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కాటన్ చీర నలిగిపోయి ఉంది, రాత్రంతా ఆస్పత్రి కుర్చీలో కూర్చున్న మనిషిలా కళ్ళ కింద నలుపు. తెచ్చింది ఏడు సీట్ల పెద్ద బండి. నెల కిందటే సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. బండి దిగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

వాళ్ళమ్మకి ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది. ఈ సాయంత్రం ఇంటికి పంపిస్తున్నారు. ఇల్లు ఇక్కడికి రెండున్నర గంటల దూరం, మధ్యలో ఆస్పత్రి లేదు. బండిలో పూర్తిగా వెనక్కి వాలే సీటు ఒక్కటే ఉంది, మధ్య వరసలో ఎడమ వైపుది. ఆ సీటు పైన ఉన్న వెంట్ నుంచే, ఏసీ ఎంతలో పెట్టినా, వేడి గాలి కొడుతోంది.

"రెండు వారాల కింద అమ్మని ఆస్పత్రికి తీసుకొస్తుంటే దారిలో ఇలాగే అయింది. కిటికీ దించేలోపే ఊపిరి అందక పెదాలు నీలంగా అయిపోయాయి. ఇంకోసారి అలా అయితే తట్టుకోదని డాక్టరు గట్టిగా చెప్పాడు."

"వేరే బండి మాట్లాడుకోవచ్చు కదండీ?"

"పడుకునే సీటు ఉన్న బండి ఎక్కడ దొరుకుతుందమ్మా? దానికోసమేగా ఇది కొన్నది. అయిదింటికల్లా అవుతుందా? ఖచ్చితంగా చెప్పు. కాదంటే ఇప్పుడే ఇంకేదన్నా చూసుకుంటాను."

నా లెక్క నాకుంది. సెన్సర్లు చూడ్డానికి ముప్పై నిమిషాలు, క్యాలిబ్రేషన్‌కి నలభై, ఏదన్నా తేడా వస్తే ఇరవై. మొత్తం గంటన్నర.

"నాలుగున్నరకి ఇచ్చేస్తాను టీచరు గారూ. ఇరవై నాలుగు డిగ్రీలు పెడితే నాలుగు వెంట్లలోనూ ఇరవై నాలుగే వస్తుంది. నాదీ పూచీ."

ఆమె తాళాలు నా చేతిలో పెట్టి, ఆస్పత్రి కాగితాల పని చూసుకోవడానికి తమ్ముడి బైకు ఎక్కి వెళ్ళిపోయింది.

క్యాలిబ్రేషన్ అంటే పెద్ద విద్యేం కాదు. కొత్త రకం బండ్లలో ఏసీ తనంతట తాను ఆలోచిస్తుంది. ఎండ ఎంత పడుతోంది, ఒక్కో సీటు దగ్గర వేడి ఎంత, లోపలి గాలిలో ఎంతమంది ఊపిరి కలుస్తోంది, ఇవన్నీ చూసుకుని గాలిని పంచుతుంది. డ్యాష్‌బోర్డు మీద చిన్న మనిషి బొమ్మ, పక్కన ఒక అంకె ఉంటాయి. లోపల ఎంతమంది ఉన్నారని బండి అనుకుంటోందో ఆ అంకె. కాలం గడిచేకొద్దీ ఈ లెక్కలు కొంచెం కొంచెం జారుతాయి. అప్పుడు బండిని చీకట్లో పెట్టి, ఖాళీ చేసి, "ఇదీ చీకటి, ఇదీ ఖాళీ, ఇక్కణ్ణుంచి లెక్కపెట్టు" అని దానికి మళ్ళీ నేర్పాలి. అంతే.

ముందు బండిలో సామానంతా దించాను. ఒక దిండు, దుప్పటి, నీళ్ళ సీసా, మందుల సంచి, ఎడమ సీటు మీద పిల్లలు రాసుకునే పలక. ఆపరేషన్‌లో గొంతులో గొట్టం వేశారనీ, పది రోజులుగా అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదనీ, ఏం కావాలన్నా పలక మీద రాస్తుందనీ టీచరు చెప్పింది. పొద్దున రాసింది ఇంకా చెరపలేదు. వంకర అక్షరాలు.

ఎడమ సీటు వద్దు. అక్కడ చలి.

మందుల మత్తు అనుకున్నాను. వేడి గాలి కొట్టే చోట చలేంటి? పలక బల్ల మీద బోర్లా పెట్టి, స్కానర్‌ని వైరు లేకుండానే బండితో కలిపాను.

ముందు కుడి సీటు, ముప్పై మూడు డిగ్రీలు. ముందు ఎడమ, ముప్పై మూడు. మధ్య కుడి, ముప్పై మూడు. మధ్య ఎడమ, పద్నాలుగు.

హమ్మయ్య, దొరికింది అనుకున్నాను. ఆ ఒక్క సెన్సర్ చెడిపోయింది. అక్కడ చలిగా ఉందనుకుని పాపం ఏసీ వేడి గాలి పంపిస్తోంది. సెన్సర్ ఊడదీసి, కుడి వైపుది ఎడమకి, ఎడమ వైపుది కుడికి మార్చాను. మార్చి చూస్తే...

కుడి, ముప్పై మూడు. ఎడమ, పద్నాలుగు.

అంటే సెన్సర్లు రెండూ బాగానే ఉన్నాయి. తప్పు చెబుతున్నది సెన్సర్ కాదు. అలాగైతే వైరు అయ్యుండాలి అనుకున్నాను. ఆ సీటు మీద ఒక్కసారి అరచేయి పెట్టి చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. అది బాబాయి పద్ధతి.

వెంట్ల దగ్గర కాగితం ముక్కలు అంటించాను. ఫ్యాన్ వేస్తే మూడు వెంట్ల దగ్గర ముక్కలు బయటికి రెపరెపలాడాయి. ఎడమ వెంట్ దగ్గరది మాత్రం కదల్లేదు. దగ్గరికెళ్ళి చూస్తే, జాలీకి అతుక్కుపోయి ఉంది. గాలి బయటికి రావలసిన చోట ఎవరో లోపలికి పీలుస్తున్నట్టు.

గాలిని మళ్ళించే లోపలి ఫ్లాప్ తిరగబడి ఉంటుంది, క్యాలిబ్రేషన్‌లో అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

బాబాయి తొంగి చూశాడు. "అమ్మాయ్, బ్రేకు ప్యాడ్లు తేవడానికి బజారు దాకా వెళ్తున్నా. ఏవైనా కావాలా?"

"చీకటి కావాలి. షట్టర్ పూర్తిగా దించేసి వెళ్ళు."

"పట్టపగలు చీకటి అడిగే పిల్లని నిన్నే చూశానే" అంటూ షట్టర్ లాగాడు. కింద లోపలి వైపు కొక్కెం పడిన చప్పుడు వినిపించింది.

అద్దాల మీద నల్ల గుడ్డ కప్పాను. గదిలో లైటు తీసేశాను. స్కానర్ తెర వెలుగు తప్ప ఇంకేమీ లేదు. టైము మూడుంబావు. బయట ఎండ కాల్చేస్తోంది. నాది మాత్రం రాత్రి, చేతులారా చేసుకున్న రాత్రి.

మొదటి మెట్టు, ఫ్లాపులు. మీట నొక్కాను. డ్యాష్‌బోర్డు లోపల మోటార్లు ఒక్కొక్కటీ మేలుకున్నాయి. చిన్న చప్పుళ్ళు, కీటకాలు గీరినట్టు. తెరుచుకునేటప్పుడు ఒక టక్కు, మూసుకునేటప్పుడు ఒక టక్కు. నాలుగు ఫ్లాపులకి ఎనిమిది. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఎనిమిది. ఆగింది.

కాసేపటికి, మధ్యలో ఎడమ వైపు నుంచి, తొమ్మిదోది.

టక్.

మోటారు టక్కులా లేదు అది. గోటితో ప్లాస్టిక్ మీద కొట్టినట్టుంది.

వేడికి ప్లాస్టిక్ సాగుతుంది, చప్పుడు చేస్తుంది. నాకు తెలుసు. తెలుసనుకుని తల ఊపుకున్నాను. అప్పుడే వాసన తగిలింది. షెడ్డులో ఎప్పుడూ ఉండే ఆయిలు, రబ్బరు వాసన కాదు. ఎన్నేళ్ళుగానో మూసి ఉంచిన ఇనప్పెట్టె తెరిస్తే వస్తుందే, తడి ఉన్నీ బట్ట వాసన, అది. బండి తలుపులన్నీ వేసే ఉన్నాయి. మరి బయటికెలా వచ్చిందో తెలియదు.

రెండో మెట్టు, ఎండ సెన్సర్. చీకటిని చీకటి అని ఒప్పుకుంది. సున్నా.

మూడో మెట్టు. ఖాళీ బండి.

దీనికి బండిలో ఎవరూ ఉండకూడదు. దగ్గర నిలబడ్డా కొన్నిసార్లు పొరపడుతుందని, స్కానర్ పట్టుకుని వెనక్కి నడిచి గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల ఉన్నవారు అన్న వరసలో అంకె కోసం చూశాను.

1.

నన్నే లెక్కపెడుతోందేమో. బల్ల పక్క మూలకి, ఇంకో నాలుగడుగులు జరిగాను.

1.

ఊపిరి గీత తెరిచాను. లోపలి గాలిలో ఊపిరి ఎంత కలుస్తోందో చూపించే పచ్చ గీత అది. ఖాళీ బండిలో నున్నగా తీగలా సాగాలి. ఇది పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. లేస్తోంది, దిగుతోంది. టైము చూసి లెక్కవేశాను. నాలుగు సెకన్లకొకటి. నిమిషానికి పదిహేను.

నిద్రపోతున్న మనిషి లెక్క అది.

"అయిపోయిందా?"

గుసగుసగా వినిపించింది. షట్టర్ అవతల నుంచి బాబాయి. అంత మెల్లగా ఎందుకు అడిగాడో అనిపించింది కానీ, మనిషి గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది.

"ఇంకా రెండు నిమిషాలు బాబాయ్."

గీత వంక చూశాను. లేస్తోంది, దిగుతోంది. నా ఊపిరే ఎలాగో లోపలికి చేరుతోందేమో, పరీక్షిద్దాం అనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. ఒకటి... రెండు... మూడు... గీత లేచింది. దిగింది. పది... పదకొండు... లేచింది. దిగింది. ఇరవై. నా చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. గీత తన మానాన తను లేస్తూనే ఉంది. నాది కాదు అది.

ఇరవై రెండో లెక్క దగ్గర...

గీత ఆగిపోయింది.

పైకి లేచి, అక్కడే ఆగింది. దిగలేదు. నాలాగే అదీ బిగబట్టినట్టు. నేను వింటున్నానని తెలిసి, తనూ వింటున్నట్టు.

ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... ఇక నావల్ల కాక గట్టిగా ఊపిరి వదిలాను.

గీత కూడా వదిలింది.

షట్టర్ దగ్గరికి పరిగెత్తాలంటే బండి పక్కనుంచే వెళ్ళాలి, అదీ ఎడమ వైపు నుంచి. కుడి వైపు దారికి ఆ రోజు బాబాయి పెట్టిన టైర్లు అడ్డం. మూలలోనే గోడకి అతుక్కుని నిలబడ్డాను.

అప్పుడే జేబులో ఫోను మోగింది. అరిచినంత పని చేశాను. టీచరు.

"అమ్మాయ్, మంచం ఖాళీ చెయ్యమని అమ్మని అప్పుడే చక్రాల కుర్చీలో కూర్చోబెట్టేశారు. కిందకి తెచ్చేశాం. ఇక్కడ గుమ్మం దగ్గర దుమ్ము, పొగ, దగ్గుతోంది. బండి అయిపోయిందా?"

"అయి... అయిపోతోందండీ."

"నీ మీదే భారం వేసి కూర్చున్నానమ్మా. నేనిప్పుడే బయలుదేరి వస్తున్నా."

ఫోను పెట్టేసరికి స్కానర్ తెర మారింది. మూడో మెట్టు చివర్లో అది ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతుంది.

బండి ఖాళీగా ఉందా?

అవును. కాదు.

'కాదు' నొక్కితే పనంతా మొదటి నుంచి. గంట పైనే. అక్కడ ఒక ముసలావిడ పొగలో కూర్చుని దగ్గుతోంది. నేను మాటిచ్చాను. వైరు తప్పు, గీత తప్పు, మీటరు తప్పు... మనుషులు లేని బండిలో మనిషి ఉన్నాడంటే తప్పు మీటరుదే కదా. తప్పు చూపించే మీటరుని ఏం చేస్తాం? సున్నా చేస్తాం.

'అవును' నొక్కాను.

అంకె 1 నుంచి 0 అయింది. ఎడమ సీటు పద్నాలుగు డిగ్రీలు, చూస్తుండగానే, ముప్పై మూడు అయింది. పచ్చ గీత తీగలా నున్నగా సాగింది.

గుడ్డ కూడా తీయకుండా, బండికి వీపు ఆనించకుండా, ఎడమ వైపు నుంచి పక్కగా నడిచి షట్టర్ ఎత్తాను. ఎండ మొహాన కొట్టింది. అంత మంచి ఎండ నా జన్మలో చూడలేదు.

బాబాయి అప్పుడే బైకు ఆపి దిగుతున్నాడు. చేతిలో బ్రేకు ప్యాడ్ల డబ్బా.

"మళ్ళీ ఎక్కడికెళ్ళావు బాబాయ్?" అన్నాను.

"మళ్ళీ ఏంటి? వెళ్ళినవాణ్ణి ఇప్పుడే వస్తున్నా. ఆ కొట్టువాడు డబ్బా వెతకడానికి ముప్పావు గంట తిన్నాడు. ఏంటే, మొహం అలా పాలిపోయింది?"

ఏం చెప్పాలో కూర్చుకునేలోపే టీచరు వచ్చేసింది. ఇంజిన్ వేసి, ఏసీ ఇరవై నాలుగులో పెట్టి, మీటరుతో నాలుగు వెంట్లూ చూపించాను. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఎడమ వైపు, ఇరవై నాలుగు. కాగితం ముక్క కూడా బుద్ధిగా బయటికి రెపరెపలాడింది. టీచరు నా రెండు చేతులూ పట్టుకుంది.

బాబాయి తన అలవాటు కొద్దీ లోపలికి వంగి అరచేయి చాపాడు. వెంట్ ముందు కాదు, ఎడమ సీటు మీద. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

"ఇక్కడ చల్లగా ఉందేంటి?"

"ఏసీ వేసి ఉంది కదా బాబాయ్."

"ఏసీ చలి కాదే ఇది."

టీచరు అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుంది. నేను గబగబా దిండు, దుప్పటి, మందుల సంచి లోపల పెట్టి తలుపు వేశాను. డ్యాష్‌బోర్డు మీద మనిషి బొమ్మ పక్కన 1 కనిపించింది. ఒక్క మనిషి, ఒక్క అంకె. అంతా సరిగ్గానే ఉంది. బండి వెళ్ళిపోయింది.

బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటే పలక కనిపించింది. ఇవ్వడం మరిచిపోయాను.

దాన్ని తిప్పి, ఆ వంకర అక్షరాలు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లెక్కలు నా బుర్రలో వాటంతట అవే నడుస్తాయి, ఆపడం నాకు చేతకాదు. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేశామనుకోండి. ఇక ఆ గిన్నె కాటాకి కనిపించదు. అందులో వేసిన బియ్యమే కనిపిస్తుంది. నేనూ అదే చేశాను. అందులో ఉన్నదాన్ని బండికి కనిపించకుండా చేశాను. టీచరు ఒక్కతే ఎక్కితే, ఇద్దరు. వాళ్ళలోంచి ఒకటి తీసేస్తే ఒకటి. అందుకే అంకె సరిగ్గా కనిపించింది. తప్పు ఉన్నందుకే సరిగ్గా ఉంది.

టీచరుకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. బాబాయికి మొత్తం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"పాత లెక్క దాచావా?"

"దాచాను. స్కానర్‌లో ఉంది. బండి దగ్గరుంటే ఒక్క నిమిషంలో మళ్ళీ పెట్టేయొచ్చు."

"పెట్టేస్తే?"

"మళ్ళీ ఒకటి చూపిస్తుంది. మళ్ళీ వేడి గాలి వస్తుంది."

"వస్తే రానీ. చలేస్తున్నవాళ్ళకి వేడి గాలి ఇస్తే ఊరుకున్నారు. నువ్వు అది కూడా ఆపేశావు" అన్నాడు బాబాయి. ఎగతాళి లేదు ఆయన గొంతులో.

ఆరింటికి, వెలుతురు తగ్గుతుండగా, హారను మోగింది. అదే బండి. టీచరు తమ్ముడు నడుపుతున్నాడు, టీచరు పక్కన కూర్చుంది. "బిల్లు కట్టి బయటపడేసరికి ఇంతసేపయింది. పలక మరిచిపోయావమ్మా" అని నవ్వింది. నవ్వుతోందంటే అంతా బాగానే ఉన్నట్టు.

పలక ఒక చేత్తో, స్కానర్ ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాను. మధ్య వరసలో ఎడమ సీటు పూర్తిగా వాల్చి ఉంది. దుప్పటి గడ్డం దాకా కప్పుకుని ఒక చిన్న ముసలావిడ పడుకుని ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. నేను ఆమెని చూడ్డం అదే మొదటిసారి.

"గాలి అద్భుతంగా ఉందమ్మా. ఎక్కిన అయిదు నిమిషాలకే నిద్రపోయింది" అంది టీచరు.

నా చూపు డ్యాష్‌బోర్డు మీదికి పోయింది. మనిషి బొమ్మ. పక్కన అంకె.

2.

ముగ్గురు మనుషులు. అదీ ఉంటే నలుగురు. నలుగురిలోంచి ఒకటి తీస్తే మూడు చూపించాలి. రెండు చూపిస్తోందంటే లోపల ఊపిరి తీస్తున్నవి మూడే. అంటే, అది దిగిపోయి ఉండాలి. లేదా...

లేదా ఈ ముగ్గురిలో ఒకరు ఊపిరి తీయడం లేదు.

"ఒక్క నిమిషం టీచరు గారూ" అని వెనక తలుపు తెరిచాను. జేబులో కాగితం ముక్క ఉంది. ఆమె ముక్కు ముందు పట్టుకున్నాను. ముక్క కదిలింది. లోపలికి వంగి, ముక్కుకి అతుక్కుంది. హమ్మయ్య, ఊపిరి ఉంది. బయటికి వదిలితే రెపరెపలాడాలి. ఎదురుచూశాను. ఒకటి... రెండు... మూడు... నాలుగు...

వదల్లేదు.

అరచేయి చాపి సీటు మీద పెట్టాను, బాబాయి లాగా. చలి లేదు. సీటు వెచ్చగా ఉంది. అది అక్కడ లేదు. నిజంగానే అక్కడ లేదు.

దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

మీటరు అక్కర్లేకపోయింది. పద్నాలుగు డిగ్రీలు.

ఆమె కళ్ళు తెరిచింది. నన్ను చూసి, బాగా తెలిసినవాళ్ళని చూసినట్టు, చిన్నగా నవ్వింది. పెదాలు కదిలాయి. ఆ గుసగుస నేను ఇంతకుముందు విన్నదే.

"రెండు నిమిషాలన్నావు... నాలుగు పట్టింది."

ముందు సీట్లోంచి టీచరు గిరుక్కున తిరిగింది. "అమ్మా! మాట్లాడావా? తమ్ముడూ, అమ్మ మాట్లాడిందిరా! పది రోజుల తర్వాత!" ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "ఏమందమ్మా? నాకు సరిగ్గా వినపడలేదు, ఏమంది?"

మణికట్టు మీద వేళ్ళు ఒక్కొక్కటీ వదులయ్యాయి. చివరిగా చిటికెన వేలు.

"అయ్యో, నీకూ ఏడుపొచ్చేసిందా?" అంది టీచరు. "నీ చలవే ఇదంతా. పలక నీ దగ్గరే ఉంచుకో తల్లీ, ఇక దాంతో పనిలేదు."

"టీచరు గారూ, ఆగండి... ఒక్కసారి దింపండి..." అన్నాననే అనుకున్నాను. గొంతు దాటి బయటికి రాలేదు. వెనక తలుపు మూసుకుంది. నేను వెయ్యలేదు. టీచరు చేతులు ముందున్నాయి, తమ్ముడి చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి. "చీకటి పడేలోగా ఊరు దాటాలక్కా" అంటూ అతను గేరు వేశాడు.

బాబాయి నా మణికట్టు వంక చూశాడు. నాలుగు వేళ్ళ గుర్తులు తెల్లగా, మంచు పట్టినట్టున్నాయి. పరిగెత్తి బైకు స్టాండు తీశాడు. "ఎక్కు! స్కానర్ అందేంత దగ్గరికి తీసుకెళ్తా. పాత లెక్క పెట్టెయ్!"

బండి ఇంకా వీధి చివర దాకా పోలేదు. వెనక ఎర్ర దీపాలు కనిపిస్తున్నాయి. స్కానర్‌కి ఇంకా అందుతోంది. తెర తెరిచాను. నేనింకా ఏ మీటా నొక్కలేదు. ఏ మెట్టూ మొదలుపెట్టలేదు. అయినా తెర మీద ప్రశ్న వచ్చి నిలబడి ఉంది.

బండి ఖాళీగా ఉందా?

అందులో టీచరు ఉంది. ఆమె తమ్ముడు ఉన్నాడు. ఇద్దరూ సంతోషంగా ఏదో చెప్పుకుంటూ ఉంటారు.

'కాదు' మీదికి వేలు పోనిచ్చాను.

నా వేలు తగలకముందే, 'అవును' వెలిగింది.